అచ్చం బాలుగారి గొంతే... కానీ అడిగామా?

మాది సత్యవేడు. పొదుపు సంఘంలో పదిమందిమి కలిసి అప్పడాలు, పచ్చళ్లు చేసి అమ్ముతుంటాం. కిందటి సంక్రాంతికి ప్రచారం కోసమని మాలో చిన్నపిల్ల ఒకతె సెల్‌ఫోన్లో కృత్రిమ మేధతో ఓ పాట తయారుచేసింది. "వినక్కా, అచ్చం బాలుగారే!" అంది. అందరం మురిసిపోయాం. నాకు మాత్రం మనసొప్పలేదు.

ఎందుకంటే బాలుగారు 2020లోనే కన్నుమూశారు. 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో ఆయన గొంతును తమ అనుమతి లేకుండా ఇలాగే పుట్టించారంటూ కుమారుడు చరణ్ 2024లో నిర్మాతలకు, సంగీత దర్శకుడికి లీగల్ నోటీసు పంపారు. అదే ఏడాది 'లాల్ సలామ్' కోసం రెహమాన్ కూడా కాలం చేసిన ఇద్దరు గాయకుల గొంతులు వాడారు. కాకపోతే ముందే కుటుంబాలను అడిగారు, పారితోషికమూ ఇచ్చారు. పనిముట్టు ఒకటే, పద్ధతే వేరు!

గొంతుకు నేరుగా కాపీరైటు లేదు. అయినా 2024లో గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అనుకరించకుండా బొంబాయి హైకోర్టు అడ్డుకట్ట వేసింది. ఇక రాతకైతే 1957 చట్టం ఉండనే ఉంది. రచయిత బతికున్నన్నాళ్లూ, ఆ తర్వాత 60 ఏళ్లూ హక్కు ఉంటుంది. తమ వార్తలతో చాట్‌జీపీటీకి శిక్షణ ఇచ్చారంటూ ఏఎన్ఐ వార్తాసంస్థ 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టుకెక్కింది.

పిల్లకు ఇంత చెప్పిన నేనే ఏం చేయబోయానో తెలుసా? సభ్యుల పేర్లు, ఆధార్, బ్యాంకు నంబర్లున్న పుస్తకం ఫొటో తీసి, లెక్క తేల్చమని అదే యాప్‌కి ఇవ్వబోయాను! బీరువా తాళం దారినపోయేవాళ్ల చేతికిచ్చినట్టే కదా! ఆ వివరాలు నావి కావు, నన్ను నమ్మి చెప్పినవాళ్లవి. ఎందుకు వాడుతున్నామో చెప్పి, వాళ్లు ఒప్పుకుంటేనే వాడాలన్నది 2023 డేటా రక్షణ చట్టం సారాంశం. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. అంచెలంచెలుగా అమల్లోకి వచ్చే ఈ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది.

ఇప్పుడు లెక్కలడిగేటప్పుడు పేర్లు, నంబర్లు తీసేసి అంకెలు మాత్రమే ఇస్తున్నాను. పాట సంగతంటారా? ఎవరి సొంతమూ కాని గొబ్బిపాట వరసలో మేమే మాటలు కట్టుకున్నాం. మా సంఘంలో పెద్దావిడ పాడింది. ముందు ఆమెనడిగి, ఆమె సరేనన్నాకే రికార్డు చేశాం. గొంతు కాస్త బొంగురే. అయితేనేం, అప్పడాల్లాగే అదీ మా చేతి సరుకే!