ఖరీదైన సాఫ్ట్‌వేర్, డిఫాల్ట్ హార్స్‌పవర్

ఫార్ములా తరహా పోటీ కారు కట్టే కాలేజీ జట్లలోనూ, బైక్ ఇంజిన్‌ను బోరింగ్ చేయించి పవర్ పెంచాలనుకునే కుర్రాళ్లలోనూ ఒక నమ్మకం పాతుకుపోయింది. పెద్ద కంపెనీలు వాడే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ సంపాదిస్తే చాలట, తెర మీద ఎంత హార్స్‌పవర్ కనబడితే ఇంజిన్ అంత ఇస్తుందట. ఈ మాట చేస్తున్న నష్టం కళ్లెదుటే ఉంది. దొంగ కాపీ వెతుక్కోవడంలో వారాలు పోతాయి. దానిలో వచ్చిన అంకెను నమ్మి క్యామ్‌షాఫ్టూ, హై కంప్రెషన్ పిస్టనూ కొంటారు. మే నెల ఎండలో ఫుల్ థ్రాటిల్ ఇచ్చేసరికి ఇంజిన్ నాక్ కొడుతుంది, పిస్టన్ నెత్తి కరుగుతుంది. ఉక్కు ఊరు భిలాయి సెక్టార్లలో నెల జీతం మీద నడిచే ఇళ్ల నుంచి వచ్చిన డబ్బు అది. అందుకే ఈ అపోహను మిగతా చిన్న అపోహలతో కలిపి ఒక్క మాటలో కొట్టేయడం కుదరదు.

జీటీ-పవర్, ఏవీఎల్ బూస్ట్, రికార్డో వేవ్, లోటస్ ఇంజిన్ సిమ్యులేషన్, స్పెయిన్‌లోని వలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం ఉచితంగా అందించిన ఓపెన్‌వామ్ – వీటి ధరల మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత దూరం. లోపల నడిచే భౌతికశాస్త్రం మాత్రం చాలావరకు ఒకటే. గొట్టాల్లో గాలి కదలికను అన్నీ పొడవు వెంటే, అంటే ఏకమితీయంగా, లెక్కగడతాయి. పెట్రోలు మండే తీరుకు సోవియట్ ఇంజినీరు ఇవాన్ వీబే సూత్రం, సిలిండర్ గోడల్లోకి పోయే వేడికి 1967 నాటి వోష్నీ సూత్రం, రాపిడికి చెన్-ఫ్లిన్ సూత్రం వీటిలో మామూలుగా కనిపించేవే. ఈ సూత్రాలకు మీ ఇంజిన్ గురించి ఏమీ తెలియదు. వాల్వ్ ఎంత లేస్తే ఎంత గాలి లోపలికి పోతుందో ఫ్లో బెంచ్ మీద కొలిచి మీరే చెప్పాలి. క్యామ్ ఏ డిగ్రీ దగ్గర వాల్వ్‌ను ఎంత ఎత్తుతుందో డయల్ గేజ్ పెట్టి మీరే చదవాలి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ గొట్టాల పొడవు, వ్యాసం, వంపులు, హెడ్‌లో దహన గది ఘనపరిమాణం అన్నీ మీరే ఇవ్వాలి. ఇవ్వకపోయినా సాఫ్ట్‌వేర్ ఆగదు, ఆ గడిలో ముందే ఉన్న డిఫాల్ట్ అంకెతో లెక్క పూర్తి చేసి అందమైన గ్రాఫ్ గీస్తుంది. అది వేరే ఎవరి ఇంజిన్ గ్రాఫో. లక్షలు పోసి కొన్నా, ఉచితంగా తెచ్చుకున్నా ఈ విషయంలో తేడా లేదు.

గాలి సంగతే చూడండి. డిఫాల్ట్ గడుల్లో సాధారణంగా ఒక బార్ పీడనం, 25 డిగ్రీల ఉష్ణోగ్రత ఉంటాయి. భిలాయి సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది, ఎండాకాలం మధ్యాహ్నం 44 డిగ్రీలంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. పీడనం 0.97 బార్ అనుకుంటే, ఆ గాలి డిఫాల్ట్ గాలికన్నా సుమారు 9 శాతం పలచన. ఇంజిన్‌లో ఏ భాగమూ మార్చకముందే తెర మీద చూపిన పవర్‌లో దాదాపు పదో వంతు అక్కడే పోయింది. ఇంధనం గడి కూడా అంతే. అందులో మామూలుగా స్వచ్ఛమైన పెట్రోలు, ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి అని ఉంటుంది. మన బంకుల్లో ఇప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. దానికి ఆ నిష్పత్తి సుమారు 13.5. ఈ రెండు గడులూ మార్చని మోడల్ చెప్పే హార్స్‌పవర్ మీద చర్చించడమే దండగ.

"మరి పెద్ద కంపెనీలు దాన్నే నమ్ముకుని ఇంజిన్లు చేస్తున్నాయి కదా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లు నమ్మేది తమ టెస్ట్ బెడ్‌ను. సిలిండర్ లోపలి పీడనాన్ని సెన్సర్‌తో కొలిచి, మోడల్ ఆ కొలతకు సరిపోయేదాకా సవరించి, ఆ తర్వాతే ఒక మార్పు చేస్తే ఎటు పోతుందో మోడల్‌ను అడుగుతారు. ఉక్కు ఊరిలో ఉన్నవాళ్లకు ఇది కొత్త విషయం కాకూడదు. ఉక్కు తయారయ్యే కన్వర్టర్‌లో ఎంత హాట్ మెటల్, ఎంత స్క్రాప్, ఎంత ఆక్సిజన్ అన్నది లెక్కతోనే మొదలవుతుంది. కానీ లెక్క సరిపోయింది కదా అని ఎవరూ హీట్‌ను ట్యాప్ చేయరు. ఉష్ణోగ్రత చూస్తారు, శాంపిల్ తీస్తారు. పొద్దున్న షిఫ్టులో నాన్న పాటించే ఈ పద్ధతిని సాయంత్రం కొడుకు ల్యాప్‌టాప్ ముందు ఎందుకు మరిచిపోతాడు?

"మా దగ్గర పవర్ కొలిచే డైనో లేదు" అన్నది రెండో అభ్యంతరం. లేకపోయినా దారి ఉంది. ముందు కంపెనీ నుంచి వచ్చిన ఇంజిన్‌ను ఉన్నది ఉన్నట్టుగా మోడల్ చేయండి. కాలేజీ జట్లు ఎక్కువగా ఎంచుకునే 373 సీసీ కేటీఎం 390నే తీసుకుంటే, 89 మిల్లీమీటర్ల బోర్, 60 మిల్లీమీటర్ల స్ట్రోక్, 9000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 43 హార్స్‌పవర్. మీ మోడల్ ఈ తెలిసిన అంకెనే పట్టుకోలేకపోతే, అదే మోడల్‌లో క్యామ్ మార్చి తెచ్చిన తెలియని అంకెకు విలువ లేదు. పట్టుకున్నాక కూడా దాన్ని పోలికకే వాడాలి. ఈ గొట్టమా ఆ గొట్టమా అంటే నమ్మదగిన జవాబు వస్తుంది, సరిగ్గా ఎన్ని హార్స్‌పవర్ అంటే రాదు.

ఇలా వాడినప్పుడు సాఫ్ట్‌వేర్ ఎంత ఉపయోగపడుతుందో చెప్పకపోతే అన్యాయం. కాలేజీ జట్ల ఫార్ములా స్టూడెంట్ పోటీ నిబంధనల ప్రకారం పెట్రోలు ఇంజిన్ పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్ గుండా పోవాలి. దాని గొంతులో గాలి ధ్వని వేగం అందుకున్నాక సెకనుకు సుమారు 74 గ్రాములకు మించి పోదు, భిలాయి ఎండలో అయితే 69 దగ్గరే ఆగుతుంది. 373 సీసీ ఇంజిన్‌కు 9000 ఆర్‌పీఎం దగ్గర సగటున కావలసింది సుమారు 33 గ్రాములే. అయితే ఒకే సిలిండర్ కాబట్టి గాలిని గుక్కలు గుక్కలుగా లాగుతుంది, ఆ గుక్క పట్టిన క్షణంలో అవసరం సగటుకు ఎన్నో రెట్లు. ఆ గుక్కలను సర్దే గాలి పెట్టె (ప్లీనం) ఎంత పెద్దదుండాలి, దాని నుంచి సిలిండర్‌కు పోయే రన్నర్ గొట్టం ఎంత పొడవుండాలి అన్నది ఊహతో తేలదు. ఏకమితీయ సిమ్యులేషన్ కష్టానికి ఫలితం దక్కేది ఇక్కడే.

చిన్న అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. సైలెన్సర్ పీకేస్తే పవర్ పెరుగుతుందన్నది అబద్ధం, పెరిగేది చప్పుడు. రంగుల త్రీడీ బొమ్మలు వచ్చే సాఫ్ట్‌వేర్ మరింత నిజం చెబుతుందన్నదీ అబద్ధమే, అది ఒక పోర్ట్‌ను వివరంగా చూడడానికి పనికొస్తుంది, ల్యాప్‌టాప్ మీద మొత్తం ఇంజిన్‌ను అన్ని ఆర్‌పీఎంలలో నడపడానికి కాదు. బాహా ఆఫ్-రోడ్ పోటీ బండికి ఇంజిన్ సిమ్యులేషన్ కావాలన్న మాటైతే అర్థంలేనిది, అక్కడ అందరికీ ఒకే ఇంజిన్, దాన్ని ముట్టుకోవడానికే వీల్లేదు.

"పాత మిస్త్రీ చెయ్యి చాలు, ఈ కంప్యూటర్ గోల ఎందుకు" అన్న మాటలో మాత్రం కొంత నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. అరిగిన ఇంజిన్‌ను కంపెనీ కొలతలకే తిరిగి కట్టేటప్పుడు సిమ్యులేషన్ అవసరమే లేదు. పైగా కొత్త క్యామ్ వేస్తే వాల్వ్ వెళ్లి పిస్టన్‌ను కొడుతుందా అన్నది హార్స్‌పవర్ గ్రాఫ్‌లో కనపడదు. మిస్త్రీ పిస్టన్ నెత్తిన మెత్తటి క్లే అద్ది, క్రాంక్‌ను చేత్తో తిప్పి, అది ఎంత నలిగిందో కొలిచి చెబుతాడు. కానీ ప్లీనం ఎన్ని లీటర్లుండాలో ఏ చేతి నైపుణ్యమూ చెప్పలేదు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ పేరు కన్నా ముందు మీ ప్రశ్నను కాగితం మీద రాసుకోండి. ఒక సిలిండర్, టర్బో లేదు, గొట్టాల పొడవు తేల్చాలి అంటే ఉచితంగా దొరికేది చాలు. టర్బో, నాలుగు సిలిండర్లు, నాక్ అంచనా అంటే పెద్దవి కావాలి. వాటికి దొంగ కాపీలు అనవసరం, ఏవీఎల్ వంటి సంస్థలు విశ్వవిద్యాలయాల కోసమే ప్రత్యేక పథకాలు నడుపుతున్నాయి, ఫ్యాకల్టీ చేత దరఖాస్తు పెట్టించండి. రోడ్డు బండి అయితే సీసీ మార్చే ఆలోచనే వద్దు, ఆర్‌సీలో రాసిన వివరాలు మారేలా బండిని సవరించడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 నిషేధిస్తోంది. పోటీ బండి అయితే, పిస్టన్‌కు ఆర్డర్ పెట్టబోయే డబ్బులో కొంత తీసి హెడ్‌ను ఫ్లో బెంచ్ మీద పెట్టించండి. ఆ కొలతలు చేతికొచ్చాక మోడల్ తెరిచి, అన్నిటికన్నా ముందు ఉష్ణోగ్రత గడిలో 25 తీసి 44 వేయండి.