కార్డు పాడైందా, డ్రైవర్ లేదా?

కంప్యూటర్ నెమ్మదించిందనో, వైరస్ పట్టిందనో పాత ఆపరేటింగ్ సిస్టంను చెరిపేసి మళ్లీ కొత్తగా ఎక్కించారనుకోండి. పని సవ్యంగానే ముగిసింది, తెర వెలిగింది. కానీ అక్షరాలు లావుగా, మసకగా ఉన్నాయి. గుండ్రంగా ఉండాల్సిన బొమ్మ కోడిగుడ్డులా సాగింది. వీడియో ఆగి ఆగి నడుస్తోంది. నిన్నటిదాకా ఆడిన ఆట అసలు తెరుచుకోవటమే లేదు. "గ్రాఫిక్స్ కార్డు పోయింది, కొత్తది వేయాలి" అనే మాట సరిగ్గా ఇక్కడే వినిపిస్తుంది. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ మీద ప్రాజెక్టు చేసుకుంటున్న విద్యార్థికి ఆ మాట ఖరీదు కొన్ని వేల రూపాయలు. చాలాసార్లు కార్డు నిక్షేపంగా ఉంటుంది. దానితో పని చేయించుకోవటం తెలిసిన ప్రోగ్రాం మాత్రం లేదు. ఆ ప్రోగ్రామే డ్రైవర్.

దాని అవసరం ఎంతటిదో చిన్న లెక్కతో తెలుస్తుంది. తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటే మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పటానికి 4 బైట్ల చొప్పున ఒక్క దృశ్యానికి సుమారు 83 లక్షల బైట్లు కావాలి. సెకనుకు 60 దృశ్యాలంటే దాదాపు 50 కోట్ల బైట్లు! డ్రైవర్ లేనప్పుడు ఈ చుక్కలన్నీ నింపే భారం ప్రాసెసర్ మీదే పడుతుంది. డ్రైవర్ ఉన్నప్పుడు ప్రాసెసర్ "ఇక్కడ త్రిభుజం గియ్యి, దానికి ఈ రంగు పుయ్యి" అని ఆదేశమిచ్చి ఊరుకుంటుంది. కార్డులోని వందల, వేల చిన్న గణన విభాగాలు కలిసి ఆ పని చేసిపెడతాయి. అయితే ఆ ఆదేశాలను ఏ కార్డుకు ఏ రూపంలో ఇవ్వాలో, కార్డులోని ఏ చోట రాయాలో కంపెనీకీ కంపెనీకీ, ఒకే కంపెనీలో తరానికీ తరానికీ మారిపోతుంది. అందుకే డ్రైవర్‌ను సాధారణంగా కార్డు తయారుచేసినవాళ్లే రాస్తారు. డాస్ కాలంలో ఈ బాధ ఇంకా ఎక్కువ. అప్పట్లో ప్రతి అప్లికేషన్ ప్రోగ్రామూ తన డ్రైవర్లను తానే మోసుకొచ్చేది.

మరి డ్రైవర్ లేకుండా ఆ కాస్త బొమ్మ అయినా ఎలా వస్తోంది? 1987లో ఐబీఎం కంపెనీ వీజీఏ అనే పద్ధతి తెచ్చింది. 640×480 చుక్కలు, 16 రంగులు. తరవాత వచ్చిన కార్డులు చాలావరకు తమ సొంత విద్యలతో పాటు దీన్నీ నేర్చుకునే పుట్టాయి. ఇప్పటి కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది యూఈఎఫ్ఐ ప్రోగ్రాం ముందుగానే తెరను సిద్ధం చేసి, ఆపరేటింగ్ సిస్టంకు అప్పగిస్తుంది. కనుక సాగిపోయిన ఆ బొమ్మను చూసి విసుక్కోకండి, అది మంచి సూచనే. కేబుల్, మానిటర్, కార్డులో కనీసం తెరకు బొమ్మ పంపే భాగం బతికే ఉన్నాయని అది చెబుతోంది.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్స్ అన్న చోట చూడండి. కార్డు పేరుకు బదులు "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే అసలు డ్రైవర్ ఎక్కలేదన్నమాట. విండోస్ 7లో అయితే "స్టాండర్డ్ వీజీఏ గ్రాఫిక్స్ అడాప్టర్" అని ఉండేది. దాని ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీ అనే వరుస ఉంటుంది. నా దృష్టిలో అన్నింటికన్నా విలువైన సమాచారం అదే. పీసీఐ పద్ధతిలో పనిచేసే ప్రతి పరికరమూ తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య తనలోనే దాచుకుని ఉంటుంది. ఎన్‌విడియా సంఖ్య 10డీఈ, ఏఎండీ కార్డులది 1002. ఇంటెల్‌ది 8086. ఆ కంపెనీ 1978లో విడుదల చేసిన ప్రసిద్ధ ప్రాసెసర్ పేరూ అదే కదా! పెట్టె పోయినా, కార్డు మీది చీటీ చిరిగినా ఈ రెండు సంఖ్యలతో అది ఏ కార్డో పట్టుకోవచ్చు.

అక్కడే పసుపు గుర్తు, దానితో ఒక కోడ్ కనిపించవచ్చు. 28 అంటే డ్రైవరే లేదు. 43 అంటే పరికరం తానే లోపం ఉందని చెప్పటంతో విండోస్ దాన్ని ఆపేసింది. ఇందుకు తప్పుడు డ్రైవర్ కారణం కావచ్చు, నిజంగా కార్డే చెడి ఉండవచ్చు. రెండింటినీ విడదీయటానికి ఒక తేలిక ఉపాయం ఉంది. స్విచ్ వేయగానే, విండోస్ ఇంకా మొదలవక ముందే, కంపెనీ పేరు కనిపించే తెర మీదే చారలు, రంగు మచ్చలు వస్తున్నాయా? అయితే డ్రైవర్ నిర్దోషి, అప్పటికి అదింకా మెమరీలోకే రాలేదు. కార్డును, కేబుల్‌ను, మానిటర్‌ను అనుమానించండి. కార్డు పేరు జాబితాలోనే లేకపోతే విద్యుత్ తీగ బిగుతుగా ఉందా, కార్డు గాడిలో సరిగా కూర్చుందా చూడాలి. మానిటర్ తీగను కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలించి, కార్డు పనిచేయటం లేదని బాధపడేవారూ ఉన్నారు.

డ్రైవర్ లేదని తేలితే కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే తెచ్చుకోండి. ల్యాప్‌టాప్ అయితే మొదట దాని తయారీదారు ఇచ్చినదే వాడటం మేలు. అనేక ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌తో కలిసి ఒక గ్రాఫిక్స్ చిప్, విడిగా మరొకటి ఉంటాయి. ముందు చిప్‌సెట్, తరవాత ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్, చివర విడి కార్డు డ్రైవర్ ఎక్కిస్తే చిక్కులు తగ్గుతాయి. 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పనిచేయదు. కొత్త సిస్టంలో నెట్‌వర్క్ డ్రైవర్ కూడా లేకపోతే ఇంటర్నెట్టే రాదు. అలాంటప్పుడు ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి దాని నెట్ వాడుకుంటే సాధారణంగా పని జరుగుతుంది. "మీ డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో సరిచేస్తాం" అని ఊరించే సైట్ల జోలికి మాత్రం పోకండి. డ్రైవర్‌లోని ముఖ్య భాగం ఆపరేటింగ్ సిస్టం గర్భగుడి లాంటి కెర్నెల్‌లో నడుస్తుంది. అక్కడికి ఎవరిని పడితే వారిని రానివ్వకూడదు.

డ్రైవర్ ఎక్కించాకే తెర నల్లబడితే సేఫ్ మోడ్‌లో మొదలుపెట్టండి. అక్కడ ప్రాథమిక డ్రైవర్ ఒక్కటే నడుస్తుంది కనుక కొత్తదాన్ని తీసేయవచ్చు. ఇలాంటప్పుడు కొందరు విసిగి ఆపరేటింగ్ సిస్టంను రెండోసారి, మూడోసారి ఎక్కిస్తారు. అదే పెన్‌డ్రైవ్, అదే లోటు, అదే ఫలితం. పైగా దాచుకున్న ఫైళ్లు పోయే ప్రమాదం ఒకటి!

లైనక్స్‌లో ఎన్‌విడియా కార్డుతో నల్లతెర వస్తే, మొదలయ్యేటప్పుడు "నోమోడ్‌సెట్" అనే మాట చేర్చి చూడాలి. అది కెర్నెల్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కన పెట్టిస్తుంది. డ్రైవర్ ఎక్కినా పనిచేయకపోతే సెక్యూర్ బూట్‌ను గమనించండి. నమ్మదగిన సంతకం లేని డ్రైవర్‌ను అది లోపలికి రానివ్వదు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో పాత కంప్యూటర్లలో కొత్త సిస్టం ఎక్కించే పని పెరిగింది. పాత కార్డులకు కంపెనీలు డ్రైవర్లు రాయటం ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తాయి. ఎన్‌విడియా తన ఫెర్మి తరం కార్డులను 2018లో, కెప్లర్ తరాన్ని 2021లో ఇలాగే పక్కన పెట్టింది. మీ కార్డు ఆ వయసుదైతే, దానికి వచ్చిన చివరి డ్రైవర్ ఏదో వెతికి, నెట్‌వర్క్ డ్రైవర్‌తో పాటు పెన్‌డ్రైవ్‌లో దాచాకే పాత సిస్టంను చెరపండి.