ఇనుము విశాఖకు, బురద ఏటికి

ఇనుము లేనిదే కొడవలి లేదు, నాగలి కర్రు లేదు, రైలు పట్టా లేదు. ఇనుము తవ్వొద్దని కష్టజీవులెవరూ అనరు. అయితే ఆ ఇనుపరాయిని కడిగిన నీళ్లు ఎవరు తాగాలి? ఆ బురద ఎవరి పొలంలో పడాలి? బైలాడిలా కొండల కింద బతికే ఆదివాసీల ప్రశ్న యిది. యాభై ఏళ్లు దాటినా దీనికి సరైన జవాబు రాలేదు.

బైలాడిలా మనకు దూరమేమీ కాదు. భద్రాచలానికి ఉత్తరాన, అడవుల అవతల, ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో వుంది. ఎద్దు మూపురంలా కనపడే కొండలు గనుక ఆ పేరొచ్చింది. అక్కడి ఖనిజంతో తెలుగువాళ్లకు పాత సంబంధమే. 1960లో జపానుతో ఒప్పందం కుదిరింది. ఆ రాయిని ఓడ ఎక్కించడానికే కొత్తవలస నుంచి కిరందుల్ దాకా కొండలు తొలిచి సుమారు 450 కిలోమీటర్ల రైలుమార్గం వేశారు. అరకు చూడ్డానికి జనం సరదాగా ఎక్కే రైలు నడిచేది ఆ పట్టాల మీదే. 1968లో కిరందుల్ దగ్గర, 1977లో బచేలి దగ్గర పెద్దగనులు మొదలయ్యాయి. తవ్వేది కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ ఎన్‌ఎండిసి. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదు మాసాబ్ ట్యాంకు దగ్గర వుంది. ఇనుప పొడిని నీళ్లలో కలిపి 267 కిలోమీటర్ల గొట్టంలో విశాఖకు పంపే ప్రైవేటు కంపెనీ కూడా తర్వాత వచ్చి చేరింది.

రాయి విశాఖకు చేరింది. లెక్కలు హైదరాబాదుకు చేరాయి. బురద మాత్రం శంకిని నదికి మిగిలింది.

కొండ నెత్తి తీసేస్తే

అంత ఎత్తు కొండల్లో నీళ్లెక్కడివని పట్నంవాళ్లు ఆశ్చర్యపోతారు. పల్లెవాళ్లకు ఆ కిటుకు తెలుసు. కొండ నెత్తిన పగుళ్లువారిన రాయి, దానిమీద అడవి, అడవి కింద రాలిన ఆకు. వానాకాలంలో పడ్డ నీటిని ఇవన్నీ పీల్చుకుని, ఎండాకాలందాకా ఊటలుగా కొంచెం కొంచెం వదులుతాయి. కింద వాగులు పారేది ఆ ఊటలతోనే.

బైలాడిలాలో మేలైన ఇనుము వున్నదీ కొండ నెత్తినే. కనుక గని తవ్వాలంటే ముందు అడవి నరకాలి, తర్వాత నెత్తి తీసెయ్యాలి. దాంతో వానను పట్టి దాచే పొర పోతుంది. పనికిరాని మట్టిని వాలులో కుప్ప పోస్తే మొదటి పెద్దవానకే అది వాగులోకి జారుతుంది.

తవ్విన రాయిని పగలగొట్టి, జల్లెడ పట్టి, నీళ్లతో కడుగుతారు. మంచి ముక్క ఒకవైపు, పొడి ఒకవైపు పోతాయి. పిండిలాంటి సన్నని ఎర్రమట్టి కడుగునీళ్లతో కొట్టుకుపోతుంది. న్యాయంగా అయితే ఆ నీళ్లను పెద్ద మడుగుల్లో నిలవబెట్టి, మట్టి అడుక్కి దిగాక తేటనీరే కిందికి వదలాలి. అందుకు మడుగులు తవ్వాలి, కట్టలు కట్టాలి, ఏటా పూడిక తియ్యాలి. ఖర్చవుతుంది. వాగులోకి వదిలేస్తే పైసా ఖర్చు లేదు. ఆ మిగుల్చుకున్న ఖర్చే శంకిని నీటిని ఎర్రగా మార్చింది.

తర్వాత్తర్వాత కట్టలు కట్టారు, అడ్డుకట్టలు వేశారు, కాదనం. అయినా 2024 జులైలో కుండపోత వానకు కట్ట తెగి ఎర్రనీళ్లు కిరందుల్ బస్తీల మీద పడ్డాయి, ఇళ్లలోకి చొరబడ్డాయి. కొండమీద చేసిన పొదుపుకు కింద వున్నవాడు ఇలాగే బాకీ తీరుస్తాడు.

ఇనుము విషం కాదట!

గనుల తరఫున మాట్లాడేవాళ్లు ఒక మాట అంటారు: ఇనుము పాదరసమా, విషమా? ఒంటికి కావలసిందే కదా! ఉప్పు కూడా ఒంటికి కావాలి. అంతమాత్రాన ఉప్పునీళ్లు తాగి బతుకుతామా?

ఇక్కడ దెబ్బకొట్టేది సన్నమట్టి. నీళ్లు చిక్కబడితే ఎండ అడుక్కి చేరదు, నాచూ నీటిమొక్కా పెరగవు. చేప మొప్పల్లో మట్టి ఇరుక్కుంటుంది. గుడ్లు బురద కిందపడి ఊపిరాడక చస్తాయి. అదే నీరు పొలంలో పారి ఎండితే పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చులోంచి గాలీ నీరూ దిగవు, వరి వేరు తన్నుకోదు. ఏటేటా పొరమీద పొర పడితే వున్న ఒక్క పంటా పోతుంది.

తాగునీటి సంగతి మరీ ఘోరం. ఏజెన్సీలో మనవాళ్లు వాగు ఇసుకలో చెలమ తీసి ఊరిన నీళ్లు ముంచుకుంటారు. బస్తరులో దాన్నే ఝిరియా అంటారు. ఆ నీటికి ఇసుకే వడపోత. సన్నమట్టి ఇసుక సందుల్లో దిగితే చెలమ ఊరదు, ఊరినా తేటపడదు. అప్పుడు ఆడవాళ్లు బిందె నెత్తినపెట్టుకుని మరో నీటిచోటు వెతుక్కుంటూ నడవాలి. ఆ నడక ఏ కంపెనీ జమాఖర్చులోనూ కనపడదు.

మారుమూల కావడం దీనికి తోడయింది. పట్నం కొళాయిలో ఒకపూట ఎర్రనీళ్లొస్తే మర్నాడు పేపర్లో పడుతుంది, ఇంజనీరు పరుగెత్తుకొస్తాడు. కొండకింద పల్లెకు నీళ్లు పరీక్షచేసే చోటు దగ్గర్లో వుండదు. అధికారి మాట హిందీ, జనం మాట గోండీ, హల్బీ. పైగా పెద్దనదిలో పలచబడే మురికి, ఎండాకాలపు సన్నవాగులో చిక్కగా నిలుస్తుంది. దెబ్బ ఎక్కువ తగిలేచోటే అడిగే నోరు తక్కువ.

వాగు పోతే కూలి పోయినట్టే

ఆదివాసీ కుటుంబానికి వాగులో నీళ్లతోపాటు చేపలున్నాయి, పీతలున్నాయి, గట్టున ఆకుకూర వుంది, పశువులకు తాపు వుంది. ఇవన్నీ డబ్బు పెట్టకుండా దొరికే తిండి. ఒక విధంగా అది వాళ్ల కూలి. వాగు చెడగొట్టడమంటే ఆ ఇంటి కూలిలో ఎవరితో చెప్పకుండా కోతపెట్టడమే. ఆ తగ్గిన తిండిని మరెక్కడో సంపాదించుకోవాలి.

ఏటా మిరపకాయ ఏరే రోజుల్లో బస్తరు నుంచి కూలీల ముఠాలు ఖమ్మం, భద్రాద్రి, ములుగు జిల్లాలకు దిగుతున్నాయి. వీళ్లందరినీ తరిమింది బైలాడిలా బురదేనంటే అబద్ధమవుతుంది. సాగునీరు లేని ఒక్కపంట భూములు ఒక కారణం. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లకు ఊళ్లు ఖాళీ కావడం ఇంకో కారణం. దాన్ని చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2011 వచ్చింది. కారణాలు ఎన్నయినా ఫలితం ఒకటే. ఆదివాసీ కాళ్లకింది నేల, నీరు చౌకగా పోతే, ఆదివాసీ చేతులూ చౌకగా దొరుకుతాయి.

"వీళ్లొచ్చి మన రేటు పడగొట్టారు" అని మన కూలీలే కొందరు గొణుక్కుంటున్నారు. కడుపుమంట అర్థమవుతుంది. కానీ లెక్క సరిగా చూడాలి. వాళ్లను ఊరు విడిచేలా చేసినవాడున్నాడు. వాళ్ల గతిలేనితనం చూసి తక్కువ రేటు కట్టే ఆసామి వున్నాడు. మధ్యలో కమీషను తినే మేస్త్రీ వున్నాడు. ఈ ముగ్గుర్నీ వదిలేసి చేను గట్టున పరదా కింద పడుకునేవాణ్ణి తిట్టుకుంటే నవ్వుకునేది ఆ ముగ్గురే. ఆ పరదా కింద పిల్లలు తాగే నీళ్లు కూడా చూడండి. పురుగుమందు డబ్బాలు కడిగిన కాలవలోవే చాలాచోట్ల. అక్కడ ఎర్రనీళ్లు, ఇక్కడ మందునీళ్లు.

చట్టాలున్నాయి, అడిగే గొంతు కావాలి

నీటిని పాడుచెయ్యకూడదని 1974లోనే చట్టం చేశారు. 2024లో దాన్ని సవరించి చాలా నేరాలకు జైలుశిక్ష తీసేశారు. 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టారు. ముందుగా హిమాచల్‌ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాల్లో అమల్లోకి తెచ్చారు. మిగతా రాష్ట్రాలు తీర్మానం చేసి చేరవచ్చునన్నారు. కోట్లు ఆర్జించే కంపెనీకి 15 లక్షలు ఒక లెక్కా?

మన చేతిలో వున్న చట్టాలూ లేకపోలేదు. 1996 పంచాయతీ చట్టం, 2006 అటవీహక్కుల చట్టం గ్రామసభకు నోరిచ్చాయి. 1997లో సమత కేసులో, షెడ్యూల్డు ప్రాంతపు భూముల్ని ప్రైవేటు గనులకు లీజు ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పుట్టిన బొర్రా ప్రాంతం కూడా ఇదే రైలుమార్గం మీద వుంది. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి వచ్చింది. పాత గనులు రాయల్టీలో 30 శాతం దానికి కట్టాలి. ఆ నిధిలో కనీసం 70 శాతం ఖర్చుపెట్టాల్సిన ముఖ్యమైన పనుల జాబితాలో తాగునీరు, కాలుష్య నివారణ వున్నాయి. డబ్బుంది. అడగాలి.

అడిగితే ఏమవుతుందో 2019 జూన్‌లో చూశాం. బైలాడిలా 13వ నంబరు గనిని తవ్విపెట్టే పని అదానీ కంపెనీకి అప్పజెప్పారు. నందరాజ్ కొండ తమ దేవుడని, 2014లో హిరోలిలో జరిగిందని చూపిన గ్రామసభ నకిలీదని చెబుతూ వేలాది ఆదివాసీలు విల్లంబులు పట్టుకుని కిరందుల్ ఆఫీసు ముందు బైఠాయించారు. బియ్యం మూటలు తెచ్చుకుని అక్కడే వండుకుని తిన్నారు. రాష్ట్ర ప్రభుత్వం దిగొచ్చి పని ఆపింది, చెట్లు నరకడం ఆపింది, గ్రామసభ మీద విచారణకు ఒప్పుకుంది.

ఇదే కిరందుల్‌లో 1978 ఏప్రిల్‌లో, యంత్రాలొచ్చాయని తొలగించిన గని కార్మికులు న్యాయం అడిగితే పోలీసులు కాల్చి ప్రాణాలు తీశారు. కార్మికుణ్ణీ ఏటినీ ఒకే లెక్కలో తీసిపారేసే పద్ధతి అది. ఎన్‌ఎండిసి ప్రభుత్వ సంస్థ. ప్రభుత్వరంగాన్ని అమ్మొద్దని జెండా పట్టేది మనం. కనుక దాన్ని నిలదీసే హక్కు అందరికన్నా ముందు మనకుంది.

మనం చెయ్యవలసింది

నీరు పల్లమెరుగు. శంకిని, డంకిని దంతెవాడలో కలిసి ఇంద్రావతికి పోతాయి, ఇంద్రావతి గోదావరిలో పడుతుంది. బస్తరు నుంచి దిగే శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. పల్లాన వున్నది మనమే. అందుచేత ఈ కోరికలు మనవి కూడా:

గనుల కింది వాగుల్లో నెలనెలా నీళ్లు పరీక్షించి, ఫలితాన్ని గోండీలో, హల్బీలో ఊరి సభలో చదివి వినిపించాలి. మట్టిపడిన పొలాలు కొలిచి, పంటనష్టం ఏటా కట్టి, పూడిక తీయించాలి. ఖనిజ నిధిని ముందు తాగునీటికే ఖర్చుపెట్టాలి. గ్రామసభ ఒప్పుకోనిదే కొత్త గని తెరవకూడదు.

ఇక మన ఊళ్లలో పని. ఒకే చేనులో ఒకే పనికి స్థానిక కూలీకీ బస్తరు కూలీకీ ఒకే రేటు వుండాలి. ముఠా దిగినచోట మంచినీళ్లు, నీడ ఆసామి ఏర్పాటు చెయ్యాలి. కాయ ఏరడం మొదలుకాకముందే సంఘం మీటింగు పెట్టి రేటు తేల్చాలి, ఆ మీటింగుకు వాళ్లనూ పిలవాలి. భాష రాదని వదిలెయ్యొద్దు. గోండీకి దగ్గరి కోయమాట మాట్లాడే కామ్రేడ్లు మన గూడేల్లోనే వున్నారు. వాళ్లను వెంటబెట్టుకుని ఈ సీజనులోనే చేలగట్ల మీదికి వెళ్లండి.