చలి పొద్దుల్లో వ్యానుకు కాస్త ఓపిక!

డిసెంబరు పొద్దు. టైం ఇంకా ఆరున్నర కాలేదు. ఉస్మానియా క్యాంపస్‌లో మంచు తెర వెనక ఆర్ట్స్ కాలేజీ భవనం లీలగా కనిపిస్తోంది. మంకీ క్యాపులు, మఫ్లర్లతో వాకర్లు చకచకా నడుస్తున్నారు. అటు తార్నాక సందుల్లో మాత్రం వేరే సందడి. స్కూలుకెళ్లే పిల్లలు బ్యాగులు తగిలించుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ఓ పాత మారుతి వ్యాను 'కిర్ర్... కిర్ర్...' అంటూ మొరాయిస్తోంది. ఎట్టకేలకు స్టార్టయిందో లేదో, డ్రైవరు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి రయ్యిమనిపిస్తాడు, ఇంజిన్ త్వరగా వేడెక్కాలని! అసలు పొరపాటు అక్కడే.

రాత్రంతా బండి ఆగి ఉంటే ఆయిల్ మొత్తం కిందకు దిగిపోతుంది. చలికి చిక్కబడుతుంది కూడా. స్టార్ట్ చేశాక అది పైభాగాలకు చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆలోపే రేజ్ చేస్తే లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. ఇంజిన్ బోరుకొచ్చిందంటే, వ్యాను మీదే బతికే ఇంటికి అది పెద్ద దెబ్బ.

1984లో మారుతి వ్యానుగా వచ్చి, తర్వాత ఓమ్నీగా పేరు మార్చుకున్న ఈ బండి తయారీ 2019లో ఆగిపోయింది. అంటే ఇప్పుడు రోడ్ల మీద తిరిగేవన్నీ వయసు పైబడుతున్నవే. వాటికి కాస్త బుజ్జగింపు అవసరం.

ఎలా స్టార్ట్ చేయాలి?

కార్బురేటర్ ఉన్న పాత పెట్రోలు బండైతే ముందు చోక్ లాగాలి. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. చోక్ గాలిని తగ్గించి ఇంధనం పాళ్లు పెంచుతుంది. ఒక్కసారి సెల్ఫ్ కొడితే ఐదారు సెకన్లు చాలు. స్టార్ట్ కాకపోతే అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించాలి. అదేపనిగా కొడితే బ్యాటరీ చతికిలబడుతుంది. డీజిల్ వ్యానైతే తాళం తిప్పాక హీటర్ లైటు ఆరేదాకా ఆగాలి. గ్యాసు కిట్ ఉంటే పెట్రోలు మీద స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కాకే ఎల్పీజీకి మార్చాలి.

స్టార్టయ్యాక ఆయిల్ లైటు ఆరిందో లేదో చూసుకుని, అర నిమిషం నుంచి నిమిషం దాకా ఆగితే చాలు. తర్వాత నెమ్మదిగా కదలడమే. నిలబెట్టి ఉంచిన ఇంజిన్ కన్నా నడుస్తున్న ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. తార్నాకలో బయల్దేరితే హబ్సిగూడ దాటేదాకా గేర్లు నింపాదిగా మారుస్తూ వెళ్లాలి. ఇంజిన్ కుదురుకునే కొద్దీ చోక్ లోపలికి నెట్టేయాలి. మరిచిపోతే నల్లపొగ వస్తుంది, ప్లగ్గులకు మసి పడుతుంది.

పది నిమిషాలు అక్కర్లేదు

'పది నిమిషాలు ఆన్‌లో ఉంచితేనే మంచిది' అన్నది పాత నమ్మకం. చల్లటి ఇంజిన్‌లో పూర్తిగా మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కిందకు జారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. కెనడాలోని మంచు నగరాల్లో ఇంజిన్‌ను వెచ్చగా ఉంచడానికి బండికి కరెంటు ప్లగ్ పెడతారు. మన చలికి అంత హంగామా అవసరం లేదు.

వేడి తగ్గుతుందని కొందరు థర్మోస్టాట్ తీసేయిస్తుంటారు. అలా చేస్తే చలికాలంలో ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఆయిల్ డబ్బా మీద '20డబ్ల్యూ-40' అని ఉంటుంది కదా, అందులో 'డబ్ల్యూ' అంటే వింటర్. దాని ముందున్న అంకె ఎంత తక్కువుంటే చలిలో ఆయిల్ అంత సులువుగా పారుతుంది. అలాగని తోచిన ఆయిల్ పోయించకుండా, కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే వాడాలి.

ఇది మరవొద్దు

షట్టరు మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్‌లో ఉంచకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం మాత్రం తీస్తుంది. పైగా ఓమ్నీలో ఇంజిన్ ఉండేది ముందు సీట్ల కిందే. పొగ గొట్టం ఎక్కడైనా లీకైతే ఆ విషవాయువు లోపలికే చేరవచ్చు. అందుకే బండి వేడెక్కేటప్పుడు పిల్లల్ని లోపల కూర్చోబెట్టి అద్దాలు మూయొద్దు. చలికాలం మొదట్లోనే గొట్టాన్ని ఓసారి మెకానిక్‌కు చూపించాలి.

రేపు పొద్దున మీ గేటు ముందు వ్యాను ఓ నిమిషం ఆలస్యంగా కదిలితే డ్రైవరును తొందరపెట్టకండి. ఆ నిమిషం బండికే కాదు, అందులో వెళ్లే మీ పిల్లలకూ మంచిది!