మన కంటి మట్టానికి పైనా, కిందా

అస్థిపంజరం అనగానే సైన్సు విద్యార్థులకు జువాలజీ లాబ్ గుర్తొస్తుంది. అక్కడిది మనల్ని ఎముకల పేర్లడిగి ఊరుకుంటుంది. ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో, సాంతా మరియా నొవెల్లా చర్చి గోడమీద ఉన్న అస్థిపంజరం మాత్రం మనతో మాట్లాడుతుంది. ఒకప్పుడు తానూ మనలాగే ఉండేదట. మనమూ ఒకనాటికి తనలాగే అవుతామట! ఈ అర్థం వచ్చే ఇటాలియన్ మాటలు దానిపైన రాసి ఉన్నాయి.

ఆ కుడ్యచిత్రం పేరు 'పవిత్ర త్రిత్వం'. ఎత్తు ఆరున్నర మీటర్ల పైమాటే. 1425–1427 ప్రాంతంలో మసాచ్చో అనే యువకుడు దాన్ని చిత్రించాడు.

కింది నుంచి పైకి చూద్దాం. అడుగున సమాధి, దానిమీద అస్థిపంజరం. ఆ పైమెట్టుపై చెరొక పక్క మోకరిల్లిన స్త్రీ పురుషులు. వీరు దేవతలూ కారు, మహాత్ములూ కారు. చిత్రం వేయించిన మామూలు మనుషులు. వారికి పైన, కమాను లోపల మరియమ్మ, యోహాను. మరియమ్మ కొడుకు వంక చూడదు. మనవంక చూస్తూ, చేత్తో సిలువను చూపిస్తుంది. సిలువమీద క్రీస్తు, వెనుక సిలువను రెండు చేతులా పట్టుకున్న తండ్రి, ఇద్దరి తలల నడుమ పరిశుద్ధాత్మకు గుర్తుగా పావురం.

ఇంతకూ ఇందులో సైన్సు ఏమిటంటారా? రైలు పట్టాలు దూరాన కలిసిపోతున్నట్టు కనిపిస్తాయి కదా! ఆ సూత్రంతోనే మసాచ్చో చదునైన గోడమీద లోతైన గదిని సృష్టించాడు. దారం బిగించి గీసిన గీతల గుర్తులు గోడమీద ఉన్నాయి. ఆ గీతలన్నీ కలిసే బిందువు సిలువ పాదం దగ్గర, నిలబడి చూసే మనిషి కంటి మట్టాన ఉంది. అందుకే కమాను పైకప్పును తలెత్తి చూస్తున్నట్టు, సమాధిని తలవంచి చూస్తున్నట్టు అనిపిస్తుంది. అంటే మృత్యువుకూ దైవానికీ మధ్య మనల్ని నిలబెట్టింది రేఖాగణితమే! లెక్క తెలిస్తే భక్తి తగ్గుతుందనేవారు ఈ గోడను ఒక్కసారి చూడాలి.

రసాయన శాస్త్రమూ ఉంది. తడి సున్నపు పూతమీద రంగు వేస్తే, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకొని కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది. రంగు గోడలో భాగమైపోతుంది. ఆరితే ఇక పట్టదు. రైతుబిడ్డను గనుక ఈ సంగతి నాకు తేలిగ్గా బోధపడింది. పదునులో వేసిన విత్తే మొలుస్తుంది. తడి ఆరకముందు వేసిన రంగే నిలుస్తుంది.

1570 ప్రాంతంలో ఈ చిత్రానికి అడ్డంగా ఒక బలిపీఠం కట్టారు. 19వ శతాబ్దంలో పైభాగాన్ని విడదీసి మరోచోట పెట్టారు. అస్థిపంజరం గోడమీదే మరుగున ఉండిపోయి 1951లో బయటపడింది. మరుసటి ఏడు రెండింటినీ మళ్ళీ ఒకచోట చేర్చారు. అంతవరకూ పైభాగాన్ని చూసినవారికి దేవుడు కనిపించాడు గాని మృత్యువు కనిపించలేదు. సగం మాటే వినిపించిందన్నమాట.

మసాచ్చో 1428లో మరణించాడు. అప్పటికతనికి ఇరవయ్యేడేళ్ళు నిండలేదు. మనకంటే నాలుగైదు బ్యాచీల ముందువాడనుకోండి! మృత్యువు సంగతి ముసలితనంలో ఆలోచించుకోవచ్చులే అనుకుంటాం. ఆ గోడ భయపెట్టడానికి కాదు, పదును ఉండగానే పని మొదలుపెట్టమని చెప్పడానికే నిలిచిందని నేననుకుంటాను.