ఆదివారం తెక్కాకు వెళ్ళేదెలా, రూముకు తిరిగొచ్చేదెలా

సింగపూర్ చాలా చిన్న దేశం. పడమర చివరి టువాస్ నుంచి తూర్పు చివరి చాంగీ దాకా దాదాపు 50 కిలోమీటర్లు. మన ఊళ్ళో జిల్లా కేంద్రానికి వెళ్ళి రావడం కూడా ఇంతకంటే దూరమే. అయినా రెండేళ్ళ నుంచి ఇక్కడున్న మనవాళ్ళను కదిపితే సైటు, డార్మిటరీ, తెక్కా తప్ప నాలుగో చోటు పేరు చెప్పలేరు. తెక్కాకైనా ఎవరో ఒకరి వెనకాల పోవడమే, ఆ ఒకరు రాని ఆదివారం రూములోనే పడుకోవడం.

మేము కాంట్రాక్టు కంపెనీల ఆఫీసుల్లో టైం షీట్లు, ఓవర్‌టైం లెక్కలు రాసే గుమస్తాలం. సోమవారం పొద్దున్న మా టేబుల్ దగ్గరికి వచ్చేవి టైం షీట్లే కాదు, ఆదివారం కబుర్లు కూడా. ఒకరు బస్సులో కార్డు కొట్టకుండా దిగి డబ్బు పోగొట్టుకుంటారు. ఒకరు ఆఖరి రైలు తప్పి టాక్సీకి రెండు రోజుల కూలి ధారపోస్తారు. ఇంకొకరు ఫ్లాట్ల కింద సిమెంటు బెంచీ మీద తెల్లారేదాకా కూర్చుని, అటునుంచి అటే డ్యూటీకి వస్తారు. నిద్ర లేని మనిషి స్కాఫోల్డింగ్ ఎక్కితే ఏమవుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. అందుకే ఈ వారం ఈ సంగతి రాస్తున్నాం.

ముందు కార్డు గురించి. ఇక్కడ రైలుకీ బస్సుకీ ఒకటే కార్డు చెల్లుతుంది. ఈజీ లింక్ కార్డు 2002లో వచ్చింది. స్టేషన్లలో, సెవెన్ ఎలెవెన్ షాపుల్లో దొరుకుతుంది. కొన్నప్పుడు ఇచ్చే డబ్బులో కొంత కార్డు ఖరీదు కింద పోతుంది, మిగతాది ప్రయాణానికి ఉంటుంది. కనుక రూములో ముగ్గురికి ఒక కార్డు అనే లెక్క పెట్టుకోకండి. ఒక కార్డు మీద ఒకరే వెళ్ళగలరు. వీసా, మాస్టర్ గుర్తు ఉండి, తాకించి డబ్బు కట్టే వీలున్న బ్యాంకు కార్డు అయినా గేటు దగ్గర పనిచేస్తుంది. అయితే రెండు కార్డులూ ఒకే పర్సులో పెట్టి పర్సునే గేటుకు ఆనించకండి. లోపలికి వెళ్ళేటప్పుడు ఒక కార్డు, బయటికి వచ్చేటప్పుడు ఇంకో కార్డు చదివితే రెండిట్లోనూ డబ్బు కోసేస్తుంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. పాత రకం ఈజీ లింక్ కార్డులు ఆపేసి అందరినీ సింప్లీగో పద్ధతిలోకి మారుస్తామని 2024 జనవరిలో ప్రకటించారు. కొత్త పద్ధతిలో గేటు దగ్గర ఎంత కోసింది, ఎంత మిగిలింది అనేది కనబడదు, ఫోన్లో చూసుకోవాలి. దీని మీద సింగపూర్ జనమే గోల పెట్టారు. రెండు వారాలు తిరగకుండానే ప్రభుత్వం ఆ నిర్ణయం వెనక్కి తీసుకుని, పాత పద్ధతిని నడపడానికి మరో 4 కోట్ల డాలర్లు ఖర్చు పెడతామని చెప్పింది. జీతాలు బాగా ఉన్న వాళ్ళకే కార్డులో ఎంత మిగిలిందో కళ్ళతో చూసుకోవాలని ఉంటే, ఒక్కో డాలరూ లెక్కపెట్టి ఇంటికి పంపే మనకు ఉండదా!

ఛార్జీ దూరాన్ని బట్టి ఉంటుంది. 2010 నుంచి, బండ్లు మారినా మొత్తం దూరానికే లెక్క కట్టే పద్ధతి వచ్చింది. బస్సు దిగి రైలు ఎక్కినా, రైలు దిగి ఇంకో బస్సు ఎక్కినా, మధ్యలో 45 నిమిషాలు దాటకుండా, మొత్తం ప్రయాణం రెండు గంటల్లో అయితే అదంతా ఒకటే ప్రయాణం. కార్డుతో వెళితే మామూలు బస్సు, రైళ్ళలో ఈ చివర నుంచి ఆ చివరకు పోయినా మూడు డాలర్లు దాటదు. ఛార్జీలు ఇంచుమించు ఏటా ఒకసారి కొంచెం పెరుగుతుంటాయి కాబట్టి పైసలతో సహా ఇక్కడ రాయడం లేదు.

బస్సులో మాత్రం జాగ్రత్త. ముందు తలుపు దగ్గర ఎక్కేటప్పుడు ఒకసారి, వెనక తలుపు దగ్గర దిగేటప్పుడు ఒకసారి కార్డు కొట్టాలి. దిగేటప్పుడు మరచిపోతే మీరు ఆ బస్సు ఆఖరి స్టాపు దాకా వెళ్ళినట్టే లెక్క. చిల్లర వేసి కూడా ఎక్కవచ్చు గాని ఛార్జీ ఎక్కువ, పైగా తిరిగి చిల్లర ఇవ్వరు. డ్రైవర్‌తో వాదించి లాభం లేదు, ఆయన దగ్గర డబ్బు పెట్టె తాళం ఉండదు. ఇంకో మాట: స్టాపులో మనం నిలబడినంత మాత్రాన బస్సు ఆగదు, చెయ్యి చాపాలి. దిగడానికి బెల్లు నొక్కాలి. మన ఆర్టీసీ బస్సులో లాగా "అన్నా, ఇక్కడ ఆపు" అంటే కుదరదు.

ఇక దారి. టువాస్ వైపు ఉండేవారికి 2017 జూన్ దాకా రైలే లేదు, బస్సులో జూ కూన్ దాకా వచ్చి అక్కడ ఎక్కాల్సి వచ్చేది. ఆ నెల 18వ తేదీన పచ్చ లైను గల్ సర్కిల్, టువాస్ క్రెసెంట్, టువాస్ వెస్ట్ రోడ్, టువాస్ లింక్ దాకా పొడిగించారు. ఇప్పుడు టువాస్ లింక్‌లో కూర్చుంటే ఔట్రమ్ పార్క్ దాకా లేవనక్కరలేదు. అక్కడ దిగి ఊదా రంగు లైనులో పుంగోల్ వైపు వెళ్ళే రైలు ఎక్కితే నాలుగో స్టేషనే లిటిల్ ఇండియా. మధ్యలో ధోబీ ఘాట్ అని వస్తుంది. అవును, మన చాకిరేవే! వెనకటి రోజుల్లో మన దేశం నుంచి వచ్చిన చాకలివాళ్ళు బట్టలు ఉతికిన చోటు అది.

క్రాంజీ, సుంగే తెంగా వైపు వాళ్ళు ఎర్ర లైను ఎక్కుతారు. వీళ్ళలో చాలామంది ధోబీ ఘాట్ దాకా పోయి మారుతున్నారు. అంత దూరం అవసరం లేదు. న్యూటన్‌లో దిగి నీలం లైను ఎక్కితే తర్వాతి స్టేషనే లిటిల్ ఇండియా. ఈ దారి 2015 డిసెంబరు నుంచి ఉంది. పుంగోల్ వాళ్ళు అదృష్టవంతులు, ఊదా రంగు లైనులో నేరుగా వచ్చేస్తారు. శ్రీనివాస పెరుమాళ్ గుడికో, ముస్తఫాకో వెళ్ళేవాళ్ళు లిటిల్ ఇండియాలో దిగి ఎండలో నడిచే బదులు పక్క స్టేషను ఫేరర్ పార్క్‌లో దిగితే దగ్గర.

రైలులో తినకూడదు, మంచినీళ్ళు కూడా తాగకూడదు. జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. ఆకలేసి బిర్యానీ పొట్లం విప్పితే ఆ ముద్ద ఖరీదు అంత అవుతుందన్నమాట.

రైళ్ళు అప్పుడప్పుడు ఆగిపోతాయి కూడా. 2024 సెప్టెంబరు 25న క్లెమెంటీ దగ్గర ఒక రైలు భాగం ఊడిపడి పట్టాలు దెబ్బతింటే, పచ్చ లైనులో ఆరు రోజుల పాటు కొంత మేర రైళ్ళు లేవు. అందులో ఒక ఆదివారం కూడా ఉంది. టువాస్, జూరోంగ్ వాళ్ళు చాలామంది స్టేషను దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయారు. కాని ఆగిపోయిన స్టేషన్ల మధ్య ఉచితంగా బస్సులు వేశారు. ఇలా ఎప్పుడు జరిగినా స్టేషను సిబ్బందిని అడగండి, బస్సు ఎక్కడ ఆగుతుందో చూపిస్తారు. ఇంగ్లీషు రాదని మొహమాటపడకండి. "బస్, వేర్?" అంటే చాలు.

వెళ్ళడం సంగతి ఇంతే. అసలు చిక్కు తిరిగి రావడంలో ఉంది.

ఆఖరి రైలు అర్ధరాత్రి ప్రాంతంలో ఉంటుంది అని అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆ అర్ధరాత్రి రైలు మీ స్టేషను దాకా పోకపోవచ్చు. లిటిల్ ఇండియాలో పదకొండున్నరకు రైలు దొరికినా, మారాల్సిన చోట టువాస్ వైపు రైలు వెళ్ళిపోయి ఉండవచ్చు. స్టేషను దిగాక డార్మిటరీకి పోయే బస్సు కూడా వేళకు ఆగిపోతుంది. ఆఖరి రైలు వేళలు ప్రతి స్టేషనులోనూ రాసి ఉంటాయి. తెక్కాలో దిగిన వెంటనే, గేటు దాటక ముందే చూసుకోండి. దూరపు డార్మిటరీల వాళ్ళు రాత్రి తొమ్మిదిన్నర, పదికి స్టేషనులో ఉండాలి అని మా లెక్క.

ఒకప్పుడు శుక్ర, శనివారం రాత్రుల్లో, పండుగ సెలవుల ముందు రాత్రుల్లో నైట్ రైడర్, నైట్ ఔల్ అని రాత్రి బస్సులు ఉండేవి. పాతవాళ్ళు ఇప్పటికీ ఆ బస్సుల సంగతి కొత్తవాళ్ళకు చెబుతుంటారు. అవి 2020లో కరోనాతో ఆగాయి, 2022లో పూర్తిగా తీసేశారు. కనుక ఆఖరి రైలు పోయాక మిగిలేది టాక్సీ, గ్రాబ్ మాత్రమే. మీటరు టాక్సీకి అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము ఆరు దాకా మీటరు మీద సగం అదనం. తెక్కా నుంచి టువాస్‌కు ఆ వేళలో నలభై డాలర్లు దాటుతుంది. నలుగురు కలిసి పంచుకుంటే తలా పది డాలర్లు, ఒక్కరే అయితే రెండు రోజుల కూలి. "పది డాలర్లకు దింపుతా రా" అని రోడ్డు పక్కన పిలిచే ప్రైవేటు కార్లు ఎక్కకండి. లైసెన్సు లేకుండా కిరాయికి తిప్పడం ఇక్కడ నేరం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాడు చేతులు ఎత్తేస్తాడు.

మీ డార్మిటరీ నుంచి ఆదివారం ప్రైవేటు బస్సు నడుస్తుంటే అదీ మంచిదే, నేరుగా గేటు దగ్గర దింపుతుంది. కాని ఆ క్యూలో తోపులాట వద్దు. 2013 డిసెంబరు 8 రాత్రి లిటిల్ ఇండియాలో జరిగిన అల్లరి గుర్తుందా? అది మొదలైంది ఇలాంటి బస్సు దగ్గరే. తాగి ఉన్నాడని బస్సులోంచి దింపేసిన ఒక తమిళ కార్మికుడు, కదులుతున్న ఆ బస్సు పక్కనే వెళ్తూ తూలి చక్రాల కింద పడి చనిపోయాడు. గుమిగూడిన జనం బండ్లు తగలబెట్టారు. ఆ తర్వాత యాభై మందికి పైగా కార్మికులను దేశం నుంచి పంపేశారు. ఆ పై ఆదివారం బస్సులే లేవు, తర్వాత తక్కువ బస్సులతో మళ్ళీ మొదలుపెట్టారు. 2015లో వచ్చిన చట్టం ప్రకారం రాత్రి పదిన్నర నుంచి ఉదయం ఏడు దాకా బహిరంగ స్థలంలో మందు తాగకూడదు. లిటిల్ ఇండియాలో అయితే శనివారం ఉదయం నుంచి సోమవారం ఉదయం దాకా రోడ్డు మీద, పార్కులో తాగడం నిషేధం. బస్సు కోసం నిలబడి చేతిలో డబ్బా పట్టుకున్నా పట్టుకుంటారు.

ఇప్పుడు లారీ. రోజూ మనం ఎక్కేది అదే కదా. 2021 ఏప్రిల్ 20 తెల్లవారుజామున పీఐఈ రోడ్డు మీద 17 మంది కార్మికులున్న లారీ ఆగి ఉన్న టిప్పర్‌ను గుద్దింది. ఇద్దరు చనిపోయారు, ఒకరు మన దేశం వాడు, ఇంకొకరు బంగ్లాదేశ్ వాడు. లారీ వెనక మనుషులను ఎక్కించడం ఆపాలని అప్పటి నుంచి చాలామంది అడుగుతూనే ఉన్నారు, పార్లమెంటులో కూడా అడిగారు. పూర్తిగా ఆపితే కంపెనీలు నడవవు అని 2023లో ప్రభుత్వం చెప్పింది. సామాన్లకు వాడే బండిలో మనిషిని కూర్చోబెట్టడం మాకు ఎన్నడూ సబబుగా తోచలేదు. కాని ఆ బండి ఉన్నంత కాలం మీకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. పైకప్పు, పక్క కటకటాలు తప్పనిసరి. ఎందరు ఎక్కవచ్చో ఆ అంకె బండి మీదే రాసి ఉంటుంది. 2023 జనవరి నుంచి వాన పడకుండా పట్టా ఉండాలి, డ్రైవర్ నిద్రపోకుండా చూసే తోడు మనిషి ఉండాలి. ఆ తోడు మనిషి మీరే అయితే కునుకు తీయకండి.

ఇంకొకటి, చాలామందికి తెలియదు. కంపెనీ ఏర్పాటు చేసిన బండిలో పనికి వెళ్తూనో, పని నుంచి వస్తూనో దెబ్బ తగిలితే అది పనిలో తగిలిన దెబ్బ కిందే లెక్క, నష్టపరిహారం అడిగే హక్కు మీకు ఉంది. ఆస్పత్రిలో "బాత్రూములో జారిపడ్డాను" అని ఎవరైనా చెప్పమంటే చెప్పకండి. అదే ఆదివారం సరదాగా తిరగడానికి ఎవరో లారీ తెస్తే, దానికి ఈ రక్షణ ఉండదు. ఆ రోజుకు రైలు ఎక్కండి.

దగ్గర దూరాలకు పాత సైకిళ్ళు కొనుక్కున్న తమ్ముళ్ళు చాలామంది ఉన్నారు. మామూలు సైకిలుకు ఇబ్బంది లేదు, ఎక్స్‌ప్రెస్ రోడ్ల మీదికి మాత్రం వెళ్ళకూడదు. రాత్రి లైట్లు ఉండాలి. బ్యాటరీ స్కూటర్ జోలికి పోకండి. 2019 నవంబరు నుంచి ఫుట్‌పాత్ మీద దానికి అనుమతి లేదు, రోడ్డు మీద అంతకు ముందే లేదు. పట్టుబడితే 2000 డాలర్ల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు.

చివరగా, ఇంటికి పోయేవాళ్ళ కోసం. చాంగీ విమానాశ్రయానికి 2002 నుంచి రైలు ఉంది. పచ్చ లైనులో తనా మెరాలో దిగి ఎదురు రైలు ఎక్కాలి. కాని పెట్టె పెద్దదైతే గేటు దగ్గరే ఆపుతారు, 120 సెంటీమీటర్ల పొడవు, 70 వెడల్పు, 40 మందం దాటకూడదు. దుప్పట్లు, టైగర్ బామ్, చాక్లెట్లు కుక్కి తాళ్ళతో కట్టిన అట్టపెట్టెలు ఈ కొలతలు దాటుతాయేమో ముందే చూసుకోండి. తెల్లవారుజాము విమానానికి మొదటి రైలు అందదు, ఆదివారం మొదటి రైలు ఇంకా ఆలస్యం. అలాంటప్పుడు అదే రోజు పోయే ఇంకో ఇద్దరిని చూసుకుని పెద్ద టాక్సీ మాట్లాడుకుంటే సరిపోతుంది. కొత్తగా వచ్చేవారికి ఎదురెళ్ళేవాళ్ళు డార్మిటరీ పేరు, వీధి పేరు ఇంగ్లీషులో కాగితం మీద రాసి వాళ్ళ జేబులో పెట్టండి. దాని కింద గేటు ముందున్న బస్ స్టాపు స్తంభం మీది అయిదు అంకెల నంబరు కూడా వేయండి. తప్పిపోయినా దారి అడగడానికి ఆ నంబరు పనికొస్తుంది.