వంటింటి గ్యాసుబండ: దాని గుణము, దానివలని యపాయము, అపాయకాలమున చేయవలసిన పని

గత వేసవిలో నారుమళ్ల తయారీని చూచుటకై మేమొక గ్రామమునకు పోయియుండగా, సంఘసభ్యులగు నొక రైతు మమ్ములను భోజనమునకు పిలిచెను. వారి పెరటిలో అడుగిడగానే కుళ్లిన కోడిగ్రుడ్డువంటి కంపు మా ముక్కునకు సోకెను. ఇదేమి వాసనయని యడుగగా, ఇంటి యిల్లాలు "మొన్న బండ మార్చారండీ. అప్పటినుంచీ ఈ కంపు పోవటం లేదు. అందుకే పూటపూటా వంటింట్లో ఊదొత్తులు వెలిగిస్తున్నాను" అని నెమ్మదిగా బదులు చెప్పెను. మా గుండె జల్లుమనెను. దైవవశమున ఆ పూట వత్తి యింకను వెలిగింపలేదు. రెగ్యులేటరు మీటను కట్టివేసి, తలుపులన్నియు తెఱపించి, బండను పెరటిలోనికి తెప్పించి చూడగా, వాల్వు నోటిలో నుండవలసిన నల్లని రబ్బరు వాషరు చినిగియుండెను. మీట రాత్రింబవళ్లు తెఱచియే యుండుటచే రెండు దినములు గ్యాసు సన్నగా కారుచునే యుండెను. వాషరు ఖరీదు కొలది రూపాయలు. ఆ యింట ఆఱుగురు మనుష్యులు.

మేము పైరుల సంగతి చెప్పువారమే గాని గ్యాసు సంగతి చెప్పువారము కాము. అయినను ఆ దినమునుండి ఏ గ్రామమునకు పోయినను వంటింటిలోనికి తొంగిచూచుట మాకు అలవాటైనది. గ్యాసుపొయ్యి నేడు పల్లెలకు క్రొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1999లో మొదలైన దీపం పథకము క్రిందను, 2016లో దేశమంతటికి మొదలైన ఉజ్జ్వల పథకము క్రిందను, కట్టెలపొయ్యి తప్ప వేఱెఱుగని యిండ్లకు ఈ బండలు చేరినవి. పొగలో కన్నులు పాడుచేసికొనుచుండిన స్త్రీలకు ఇది గొప్ప మేలు. కాని యెరువుబస్తా కొన్నచో ఎకరమునకెంత చల్లవలయునో చెప్పువారు కలరు. బండ గుణము చెప్పువారు అరుదు. చెప్పినను, సంతకము చేయుటకు పోయిన మగవాడు వినును; పొయ్యి వెలిగించు నామె వినదు. కావున సభ్యులు ఈ వ్యాసమును ఇంట బిగ్గరగా చదివి వినిపింపవలయునని కోరుచున్నాము.

బండలో నున్నది గాలివంటిదని పలువురు తలంతురు. అది ద్రవము. ప్రొపేను, బ్యూటేను అను వాయువులను ఒత్తిడిచేత ద్రవముగా మార్చి బండలో నింపుదురు. బండను కదల్చినపుడు లోపల తొణకునది యిదియే. ఇంటి బండలో ఇది 14.2 కిలోలుండును. ఒక లీటరు ద్రవము వెలికి వచ్చినచో ఇంచుమించు 250 లీటర్ల వాయువగును. వేడి తగిలినచో ద్రవము పొంగును గనుక, బండను నోటిదాక నింపక పైభాగమున కొంత ఖాళీ విడుతురు. ఆ ఖాళీలో ఆవిరి నిలుచును. పొయ్యికి పోవునది ఆ యావిరియే.

ఈ సంగతి తెలిసినచో, మన యిండ్లలో తఱచుగా జరుగు తప్పులు ఎంతటివో బోధపడును. గ్యాసు అయిపోవచ్చినపుడు కొందఱు బండను పండవేసి వంట ముగింతురు. అపుడు ఆవిరికి బదులు ద్రవమే గొట్టములోనికి దిగి, పొయ్యివద్ద మంట హఠాత్తుగా మనిషెత్తు లేవవచ్చును. చలికాలమున బండ చుట్టును వేడినీరు పోయువారిని కూడ చూచితిమి. లోపలి యొత్తిడి పెంచి ప్రాణముతో చెలగాటమాడుట అది. వీటికంటె చెడ్డది, పెద్దబండనుండి చిన్నబండలోనికి గ్యాసు ఎక్కించుకొనుట. కూలీలు, చేలవద్ద కావలియుండువారు చవకయని ఇట్టివి కొనుచున్నారు. ఎక్కించు వానికి తూకము లేదు, ఖాళీ విడువవలయునను తెలివి లేదు. అట్టి చిన్నబండ యెండలో నుండినచో లోపలి ద్రవము పొంగుటకు చోటుండదు; ఇనుము పగులవలసినదే. చిన్నబండ కావలసినవారికి 5 కిలోల బండలు గ్యాసు ఏజన్సీలలోనే దొరకును.

ఇక ముఖ్యమైన సంగతి. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. సుమారు ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువు. పొగ పైకి పోవును, ఇది క్రిందికి దిగును. మన పూర్వులు కట్టెలపొయ్యి కొఱకు వంటిండ్లు కట్టిరి గనుక, పొగ పోవుటకు కప్పులో గవాక్షము పెట్టిరి, గోడపైభాగమున రంధ్రములు విడిచిరి. క్రింద గడప యెత్తుగా వేసిరి. పొగకు ఆ కట్టడము చక్కనిది. గ్యాసుకు అదే యింటిని తొట్టిగా మార్చినట్లగును. కారిన గ్యాసు నేలమీద నీటివలె పఱచుకొని, గడప దాటలేక, లోపలనే నిలువ యుండును. వంటింటిలో ధాన్యపు పాతర యున్నచో దానిలోనికి దిగి దాగును. అందుచేత గ్యాసుపొయ్యి పెట్టిన ప్రతి వంటింటికి, నేలకు జానెడెత్తులోపల, బయటి గోడకు ఒక రంధ్రము చేయింపవలయునని మా గట్టి యభిప్రాయము. ఎలుకలు రాకుండ ఇనుపజల్లి బిగించినచో చాలును. తాపీవానికి అది గంటసేపటి పని. ఆ రంధ్రము ప్రక్క యింటి కట్టెలపొయ్యి వైపునకు గాని పశువులకు దోమపొగ వేయు చోటునకు గాని తెఱచుకొనకుండ చూచుకొనవలయును.

ఎంత గ్యాసు కారినచో అపాయము? గాలిలో నూటికి సుమారు రెండు పాళ్ల గ్యాసు కలిసినచో నిప్పురవ్వకు అంటుకొనును. పది యడుగుల పొడవు, ఎనిమిది యడుగుల వెడల్పు, పది యడుగుల యెత్తుగల గది నంతటిని ఆ స్థితికి తెచ్చుటకు సుమారొక కిలో గ్యాసు చాలునని మేము లెక్కవేసితిమి. అది గది యంతటను సమముగా కలసినపుడు. నేలమీదనే నిలుచునది గనుక అంతకంటె తక్కువయే చాలును. బండలో అట్టివి పదునాలుగు కిలోలు గలవు. ఈ వాయువు పెద్దయెత్తున నేలబ్రాకినచో ఏమగునో 1997 సెప్టెంబరు 14న విశాఖపట్టణపు చమురుశుద్ధి కర్మాగారములో చూచితిమి. ఇదే జాతి గ్యాసు కారి, పఱచుకొని, అంటుకొనగా సుమారు 60 మంది మరణించిరి. 2014 జూను 27న కోనసీమలోని నగరము గ్రామమున పగిలినది సహజవాయువు గొట్టము. గ్యాసు వేఱైనను నడచిన తీరు ఇట్టిదే. తెల్లవాఱుజామున వెడలిన వాయువు ఊరిని కమ్ముకొని, పిదప అంటుకొనగా, ఇరువదిమందికి పైగా చనిపోయిరి. కొబ్బరితోటలు నిలువున మాడిపోయినవి. రెండుచోట్లను ముందు వ్యాపించినది వాయువు, మంట దాని వెనుక వచ్చినది. ఆ నడిమి కాలమే మనకు దొరకు గడువు.

ఆ గడువును తెలుపునది వాసన. నిజమునకు ఈ గ్యాసుకు వాసన లేదు. మనుష్యులకు తెలియవలయుననియే మెర్కాప్టాను అను దుర్గంధద్రవ్యమును స్వల్పముగా కలుపుదురు. ఆ కంపు పోవుటకు ఊదువత్తి వెలిగించుట, దొంగ వచ్చినాడని మొఱిగిన కుక్కను కొట్టి తఱుముటవంటిది. ఒక్క హెచ్చరిక: అదే గదిలో చాలసేపు ఉన్నవారికి ముక్కు అలవాటుపడి వాసన తెలియదు, జలుబు చేసినవారికి అసలే తెలియదు. బయటినుండి వచ్చినవాడు కంపనినచో, ఇంటివారు తమకు తెలియుట లేదని త్రోసిపుచ్చరాదు.

కారుట యెచ్చటనో తెలిసికొనుటకు అగ్గిపుల్లతో వెదకువారు కలరు. అది వెఱ్ఱి. గిన్నెలో సబ్బునీరు నురుగుపట్టించి, రెగ్యులేటరు చేరిక మీదను, గొట్టము రెండు కొనలయందును, గొట్టము పొడవునను, పొయ్యి మీటల మొదటను రాయవలయును. బుడగలు లేచినచోట గ్యాసు పోవుచున్నది. బండ తెచ్చిన మనిషి యుండగనే, సీలు తీయించి, వాల్వు నోటిలో వాషరు ఉన్నదో లేదో చూచి, నాలుగు చుక్కల నీరు పోయింపుడు. బుడగలు వచ్చినచో ఆ బండను పుచ్చుకొనవలదు. తూకము వేయించుకొనుడు. ఉత్తబండ బరువు బండమీదనే వ్రాసియుండును, దానికి 14.2 కిలోలు కూడవలయును. ప్రత్తిబస్తాకు తరుగు తీసినచో తగవులాడు మనము, బండను తూచమని యడుగుటకు సిగ్గుపడుట వింత. బండ మెడచుట్టునుండు పట్టీలలో నొకదానిమీద ఏ, బీ, సీ, డీ అను ఆంగ్లాక్షరములలో నొకటియు, సంవత్సరమును చెక్కియుండును. ఏ యనగా మార్చి, బీ జూను, సీ సెప్టెంబరు, డీ డిసెంబరు. ఆ నెలతో బండ పరీక్ష గడువు తీఱును. తీఱిన బండను త్రిప్పిపంపవలయును.

గొట్టము సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు; సురక్ష గొట్టమును ఐదేండ్ల కొకసారి మార్చవలయును, ఎలుక కొఱికినచో ఆనాడే మార్చవలయును. పొయ్యి మాత్రము నేలమీద ఉండరాదు. మన స్త్రీలు పీటమీద కూర్చుండి వండుటకు అలవాటుపడినవారు గనుక గ్యాసుపొయ్యిని కూడ నేలమీదనే పెట్టి, బండను ప్రక్కన నిలుపుచున్నారు. అపుడు కారిన గ్యాసు నిలుచు చోటనే మంట యున్నది. ఇటుకలతో నడుమెత్తు తిన్నె కట్టించి పొయ్యిని దానిపైనుంచి, బండను క్రింద ఒకప్రక్కకు నిలువుగ నుంచవలయును. బండను గూటిలోనో పెట్టెలోనో మూయరాదు. ఒకే గదిలో ఒకమూల కట్టెలపొయ్యి, ఒకమూల గ్యాసుపొయ్యి యుండుట ఎన్నో యిండ్లలో చూచుచున్నాము. నీళ్లు కాచుటకు కట్టెలు మానలేమందురు. మానవలదు, ఆ పొయ్యిని పెరటిలోనికి మార్చుడు. రాత్రి పండుకొనుటకు ముందు బండమీట కట్టుట, తలుపు గడియ వేసినట్లే, అలవాటు కావలయును.

వాసన వచ్చినది, మంట లేదు. అపుడేమి చేయవలయును? మొదట పొయ్యిమీటలు, పిదప బండమీట కట్టవలయును. వెలుగుచున్న దీపము, వత్తి, చుట్ట, ప్రక్కగదిలోని పొయ్యి అన్నియు ఆర్పవలయును. తలుపులు కిటికీలు తెఱవవలయును. విద్యుద్దీపపు మీటను వేయరాదు, వేసియున్నదానిని ఆర్పరాదు. వేసినను తీసినను లోపల చిన్న రవ్వ పుట్టును. గ్యాసు పోవుటకు పంకా వేయుదమని తోచును, అదియు కూడదు. చేతిఫోనును ఇంటిలోపల ముట్టక బయటికి పోయి మాటలాడవలయును. మీటరుపెట్టె ఇంటికి దూరముగ వీధివైపున ఉన్నచో అచ్చట విద్యుత్తు ఆపవచ్చును; వంటింటి గోడకే యున్నచో దాని జోలికి పోవలదు. రెగ్యులేటరు తీసి, దారముతో బండకు కట్టియుండు మూతను వాల్వుకు బిగించినచో తఱచుగ కారుట ఆగును. ఆ మూతను కోసి పిల్లలకు ఆటకిచ్చినవారు అపుడు తెలిసికొందురు. ఆగకున్న బండను నిలువుగ నెత్తి, బావికి, గుంటకు, గడ్డివామికి దూరముగ ఆరుబయట నుంచి, ఎవరిని దగ్గఱకు రానీయక, 1906 అను సంఖ్యకు ఫోను చేయవలయును. గ్యాసు కారుటకే యేర్పఱచిన సంఖ్య అది, రాత్రింబవళ్లు పలుకును.

మంట లేచినచో సంగతి వేఱు. గొట్టమునో పొయ్యినో మంట పట్టినపుడు, బండమీట అందుచున్నచో దానిని కట్టుటయే మందు. గ్యాసు ఆగినచో మంట తనంతట ఆఱును. వాల్వువద్దనే మండుచున్నచో, గోనెసంచిని గాని దళసరి నూలుదుప్పటిని గాని నీటిలో ముంచి, రెండు చేతులతో అడ్డముగ పట్టుకొని, తనకును మంటకును నడుమ తెరవలె నుంచుకొని పోయి, బండపై కప్పి, వెంటనే మీట కట్టవలయును. కట్టుట సాధ్యము కానిచో మంటను ఆర్పవలదు. ఇది విని సభలో కొందఱు నవ్విరి. నవ్వవలసినది కాదు. మండుచున్న గ్యాసు కంటికి కనబడుచున్నది. ఆర్పి విడిచిన గ్యాసు కనబడక గది నిండి, ఎచ్చటి రవ్వకో ఒక్కసారిగ అంటుకొనును. మంటను మండనిచ్చి, దూరమునుండి బండ ఒంటిమీద నీరు పోయుచు చల్లబఱచుచుండవలయును. బండయే మంటల నడుమ చిక్కి, బుస యెక్కువగుచున్నచో, నీరు పోయుట కూడ మాని, ముసలివారిని పిల్లలను తీసికొని వీధి దాటి గోడచాటునకు పోవలయును. పశువుల పలుపులు కోసి విడువవలయును. 101కి గాని 112కి గాని ఫోను చేసి, బండలెన్ని యున్నవో అగ్నిమాపక దళమువారికి ముందే చెప్పవలయును.

బట్టలు అంటుకొన్న మనిషి పరుగెత్తరాదు. నేలమీద పండుకొని దొర్లవలయును, లేదా దళసరి నూలుదుప్పటి చుట్టవలయును. వంట చేయునపుడు నైలాను చీర కట్టవలదనుట ఇందుకే; అది కరగి ఒంటికి అంటుకొనును. కాలినచోట చల్లని మంచినీటిని ఇరువది నిమిషములు ధారగ పోయవలయును. గాజులు, ఉంగరములు వాపు రాకముందే తీయవలయును. అంటుకొన్న బట్టను పీకరాదు. పసుపు, నేయి, సిరా, పండ్లపొడి ముద్ద ఏదియు రాయరాదు; అవి వేడిని లోపలనే నిలుపును, వైద్యునికి పుండు కనబడనీయవు. శుభ్రమైన గుడ్డ వదులుగ కప్పి 108 బండిని పిలువవలయును. కారుచున్న ద్రవము చేతిమీద పడినచో అది చలిచే కాల్చును; గోరువెచ్చని నీటిలో నుంచవలయునే గాని రుద్దరాదు, మంటకు కాపరాదు.

గ్రామమునకు బండి రానివారు ట్రాక్టరుమీదనో మోటారుసైకిలుమీదనో బండలు తెచ్చుకొనుచున్నారు. తెచ్చునపుడు నిలువుగ కట్టవలయును, మూత బిగించియుండవలయును, డీసెలు డబ్బాలతో కలిపి తేరాదు, తెచ్చువాడు చుట్ట కాల్చరాదు. అయిపోయిన బండను కూడ ఉత్తదియని పడవేయవలదు. దానిలో ఆవిరి మిగిలియే యుండును. మూత పెట్టి, నిలువుగ, నీడను, గాలి తగులుచోట నుంచి త్రిప్పిపంపుడు.